అడ్మినిస్ట్రేషన్‌కి నలభై ఒక్క మార్కులు

మొన్న బాపట్లలో నా పరువు ఎలా పోయిందో చెప్తా, కానీ నవ్వకూడదు! ముందు ఆ టీ గ్లాసు కింద ఉన్న ప్లాస్టిక్ షీటు మాత్రం తియ్యకండి. కథంతా దానిదే.

నాకు పీజీలో రెండు సీట్లు వచ్చాయి కదా. ఒకే యూనివర్సిటీ. ఒకటి పబ్లిక్ పాలసీ, ఇంకోటి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. బాపట్ల సెంటర్లో సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున సాయంత్రం నాలుగు లోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. లేకపోతే రెండూ పోతాయి. ఇంకో ఏడాది తెనాలిలో కూర్చుని, కనబడ్డ ప్రతివాళ్లూ "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అంటుంటే పళ్లికిలించాలి. ఇప్పటికే ఒక ఏడాది ఇకిలించా. ఇంక నా వల్ల కాదు.

ఎంచుకోవడంలో నాకసలు డౌటే లేదు! పాలసీ అంటే బుర్ర ఉన్నవాళ్లు చదివేది. అడ్మినిస్ట్రేషన్‌లో ఏముంది? ఫైలుకి ట్యాగు కట్టడం, ముద్ర కొట్టడం, "రేపు రండి" అనడం. దానికి రెండేళ్లు చదవాలా? మా బాబాయ్‌ని చూస్తే సరిపోతుంది. బాపట్లలో ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. అయినా చంకలో సంచీ వదల్లేదు. అందులో తెల్లకాగితాలు, గుండుసూదులు, జిగురు. పెళ్లికెళ్లినా అదే సంచీ!

అయినా సరే, సైంటిఫిక్‌గా తేలుద్దామని ఎక్సెల్ షీటు వేశా. స్కోపు, సమాజం మీద ఇంపాక్టు, మేధస్సుకి పని... పాలసీకి ఎనభై ఏడు, అడ్మినిస్ట్రేషన్‌కి నలభై ఒకటి. నిజానికి ముప్పై రెండే వచ్చింది. జాలిపడి తొమ్మిది కలిపా.

ముందురోజు బాబాయ్ ఫోన్ చేశాడు. "అమ్మాయ్, ఒరిజినల్స్‌కి లామినేషన్ చేయించకు."

"ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంటి? చేయించకూడదు, అంతే."

చూశారా! కారణం చెప్పలేరు, రూలు మాత్రం చెప్తారు. బయట వాన, బస్సు ప్రయాణం, కాగితాలు తడిస్తే ఎవరు జవాబుదారీ? నేను పాలసీ మనిషిని, ముందుచూపు ఉన్నదాన్ని! టెన్త్ మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా అన్నిటికీ చేయించేశా. ఆ ఊపులో ఎక్సెల్ షీటు ప్రింటుకి కూడా.

పొద్దున్న పదింటికి కౌంటరు దగ్గర నిలబడ్డా. పక్కన బాబాయ్, ఆయన సంచీ. క్లర్కు గారు నా డిగ్రీ పట్టా అందుకుని వెనక్కి తిప్పారు.

"ఇక్కడ ముద్ర వెయ్యాలమ్మా. దేని మీద వెయ్యమంటారు?"

"ప్లాస్టిక్ మీద వెయ్యండి సార్, ఏమవుతుంది?"

ఆయన నిజంగానే వేశాడు! వేసి, బొటనవేలితో ఒక్కసారి తుడిచాడు. మొత్తం వచ్చేసింది. ఊదారంగు వేలు నా మొహం ముందు పెట్టి, "ఇదవుతుందమ్మా" అన్నాడు.

లైన్లో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. చివరికి క్లర్కు గారే దారి చూపించారు. నేను చదివిన డిగ్రీ కాలేజీ రేపల్లెలో ఉంది కదా, అక్కడి ప్రిన్సిపాల్ గారు అట్టెస్ట్ చేసిన కాపీలు, ఒక లెటరు తెస్తే వాటి మీద ముద్ర వేస్తారట. "నాలుగు దాటితే మాత్రం సీటు తర్వాతి వాళ్లకండి" అన్నారు.

బస్సెక్కాం. బాబాయ్ "నేను చెప్పలేదా?" అంటే బాగుండును. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు.

రేపల్లె కాలేజీలో ఆఫీసు మేడమ్ అప్లికేషన్ రాసివ్వమన్నారు. రాయడమంటే మనకి లెక్కా? నేపథ్యం, సమస్య, వ్యవస్థలో లోపం, పరిష్కార మార్గాలు... ఒకటిన్నర పేజీ దంచా! మేడమ్ కళ్లజోడు సర్దుకుని చివరిదాకా ఓపిగ్గా చదివారు.

"బాగుందమ్మా. ఇంతకీ నీకేం కావాలి?"

రాయలేదు! హాల్ టికెట్ నంబరు లేదు, ఏ సంవత్సరమో లేదు, కావలసిందేంటో అసలే లేదు. నా వెనక సంచీ జిప్పు తీసిన చప్పుడైంది. బాబాయ్ తెల్లకాగితం తీసి నాలుగంటే నాలుగు లైన్లు రాశాడు. జిరాక్సులు వరసలో పెట్టి గుండుసూది గుచ్చాడు. ప్రిన్సిపాల్ గారు భోజనానికి లేస్తారనగా లోపలికెళ్లి, పది నిమిషాల్లో సంతకాలతో బయటికొచ్చాడు. ఆ నలభై ఒక్క మార్కుల మనిషి!

మూడూ యాభైకి మళ్లీ బాపట్ల కౌంటరు. ముద్ర పడింది. ఈసారి క్లర్కు గారు తుడిచినా పోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఏ కోర్సమ్మా?"

"అడ్మినిస్ట్రేషన్ సార్."

బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. "అదేంటమ్మాయ్, నీ లెక్కలో పాలసీకి కదా ఎక్కువొచ్చింది?"

"ఆ లెక్క వేసింది ఎవరు బాబాయ్? కాగితం వెనక్కి తిప్పి చూడటం రానిదేగా!"

నిన్న బాబాయ్ తెనాలి వచ్చాడు. అమ్మ టీ ఇస్తే గ్లాసు పెట్టడానికి అటూ ఇటూ చూసి, నా ఎక్సెల్ షీటు లాక్కుని దాని మీద పెట్టాడు. కాస్త ఒలికింది. జేబురుమాలుతో తుడిచి తెగ ముచ్చటపడ్డాడు.

"ఇదొక్కటీ సరిగ్గా చేయించావమ్మాయ్. దీని మీద ఎవరూ, ఎప్పుడూ ముద్ర వెయ్యరు."