మా మేనత్త విప్పిన మొగలాకు బుట్ట

మా మేనత్త పోయి తొమ్మిది రోజులైంది. శవం ముందు నేను ఏడవలేదట. "ఇదేశం ఎల్లొచ్చినకాడ్నుంచి దీని గుండె రాయైపోనాది" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. వాళ్ళు తలలూపి నన్ను చూస్తున్నారు. చూడనివ్వండి.

ఆ విదేశం ఇండోనేషియా. నిరుడు కాలేజీ జానపద నృత్య బృందంతో పది రోజులు వెళ్ళాను. అక్కడొక ముసలావిడ నా కళ్ళెదుట అల్లిన బుట్టను, తాటాకు బుట్టలల్లే మేనత్త కోసం తెచ్చాను. ఇంట్లో ఎదురుచూసింది సెంటు సీసాల కోసం. నాన్న బుట్టను వాసన చూసి, "ఇది మొగలాకు కాదేటి? మన తోట కంచెని ఇమానమెక్కించి తెచ్చినావేటే!" అన్నాడు. వీధి వీధంతా నవ్వింది. నెల్లాళ్ళు నా పేరు 'కంచె'.

మేనత్త నవ్వలేదు. మెచ్చుకోనూ లేదు, ఆమె నోట మంచిమాట అరుదు. బుట్టను తిప్పి తిప్పి చూసి, అంచులో వేలుపెట్టి లాగింది. చూస్తుండగానే సగం ఊడిపోయింది.

"అంత దూరం నుంచి తెచ్చిందాన్ని పాడుసేత్తన్నావేటొదినా!" అంది అమ్మ.

"ఇప్పకండా ఎలా తెలుత్తాది, అదెలా అల్లిందో?"

అక్కడి ముసలావిడను 'అది' అనేది, పక్కింటి మనిషితో పోటీ ఉన్నట్టు.

మా ఉద్దానంలో మొగలి ఆకంటే గట్టు మీది ముళ్ళే. పువ్వు కోసుకుంటాం, ఆకు జోలికి పోము. మేనత్త ఆ ఆకు జోలికే పోయింది. అప్పటికే ఆమెకి కిడ్నీలు చెడి, వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేది. సూదులు గుచ్చే ఎడమచేతి మీద బరువు పడకూడదు. అందుకని బుట్టను రెండు పాదాల మధ్య ఇరికించి, కుడిచేత్తో, పళ్ళతో అల్లేది. ఆకు అంచుల ముళ్ళు నేను చీల్చేదాన్ని. వేళ్ళు తెగితే, "గెంతులేసీ కాళ్ళకంటే నీ సేతులే నయమే గుంటా" అనేది. ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క మాటతోనే.

ఊడిన సగాన్ని మొదట పచ్చి ఆకుతో అల్లింది. అది ఎండి కుంచించుకుపోయి సందులు పడ్డాయి. "అది ఏటో దాసీసింది" అని, ఎన్నడూ చూడని ఆ ముసలావిడను రెండు రోజులు తిట్టింది. తర్వాత ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. రోగిష్టి మనిషికి లేనిపోని పిచ్చి నేనే అంటించానన్నారు మా వాళ్ళు.

పోయినవాళ్ళ చాప, చీరలు మావాళ్ళు పదో రోజున సముద్రపొడ్డున వదిలేస్తారు. ఇవాళ నాన్న మూట కడుతూ, "ఆ బుట్ట కూడా ఇటియ్యే. రోగం మనిసి సేతిలోది" అన్నాడు.

బుట్ట కిందిసగం తేనెరంగు, సన్నని అల్లిక. పైసగం ముదురు రంగు, మొరటు, మా తాటాకు బుట్టలకి వేసే ముడులు. అంచు నాలుగు వేళ్ళ మేర కట్టలేదు. అక్కడ ఆకులు విడివిడిగా పైకి నిలబడి ఉన్నాయి, ఆటో వచ్చిందని ఆమె ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

రేపు మూట పోతుంది. బుట్ట పోదు. అంచు నేనే కడతాను.