పూసిన గడ్డ

“నా గడ్డలు మార్చినావు గదే, దొంగదానా!”

“నేనేటికి మారుస్తానక్కా? లావువన్నీ నువ్వే ఒళ్లో పోసుకొంటివి. మిగిలిన పిల్లగడ్డలే గదా నాకు వచ్చె!”

“మరి నీవి పూలకొచ్చి నావి రాకుండా ఎట్లుంటాయే?”

“నన్నడిగితే? పోయి నీ గడ్డల్నే అడుగు!”

నా చిన్నప్పుడు, కళ్యాణదుర్గం పక్కన మా పల్లెలో, దసరాకు పది దినాల ముందర ఇంటి వెనక దొడ్లో నేనూ మా చిన్నాయన కూతురూ జుట్లు పట్టుకోబోయే ముందు అనుకున్న మాటలివి. నాకప్పుడు పదేండ్లు, దానికి తొమ్మిది. వాళ్లమ్మ పోయినాక అది మా ఇంట్లోనే పెరిగింది. అవ్వ ముందు దాని తలే దువ్వేది. దాని జడ నడుము దాటేది, నాది ఎలుక తోక. తల్లి లేని బిడ్డ మీద ఏం కుళ్లు అని మీరనొచ్చు. నాకు అమ్మ ఉన్న సంగతి ఆ దువ్వెన ముందర గుర్తొచ్చేది కాదు.

నేలసంపంగి గడ్డలు మా అవ్వవి. ఎండాకాలం బావి అడుగంటి ఆకులు పండిపోగానే గడ్డల్ని తవ్వి, మన్ను దులిపి, నీడన ఆరబెట్టేది. ఒక గడ్డ మెత్తబడితే కుండంతా మురిగిపోతుందని ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూసేది. పొడి ఇసుకలో బూడిద కలిపి, అంచు పగిలిన కుండలో పొరలుగా పేర్చి అటక మీద పెట్టేది. ముంగారు వానలు పడి నాయన చేన్లో శెనక్కాయ విత్తినాక కుండ దింపేది.

ఆ ఏడు కుండ దింపి, “నాకింక నడుం వంగదు. మీరిద్దరూ చెరి సగం నాటుకోండి” అంది. నేను చేట ముందర కూర్చొని నిమ్మకాయంత ఉన్నవన్నీ ఏరుకున్నాను. ఒక్కోదాని నెత్తిన ఎండిన కాడ మోడు ఉండింది. అదేమిటని అడగలేదు. లావుగా ఉన్నాయి, చాలు. దానికి బొటనవేలంతవి మిగిలినాయి. అవ్వ చూస్తూ ఊరకుండింది.

మా దొడ్లో గిన్నెలు కడిగిన నీళ్లే మొక్కలకు. తాగే నీళ్లు పోస్తే అవ్వ చెయ్యి విరిచేది. ఆ నీళ్లు చిన్న కాలువలో పారి, చివర రెండుగా చీలి, ఎడమన దాని మడికీ కుడిన నా మడికీ పోయేవి. నా మడిలో ఆకులు గడ్డిదుబ్బుల మాదిరి గుబురుగా లేచినాయి. మురిసిపోయినాను. దాని మడిలో ఆకులు పలుచన. కానీ దసరా దగ్గరపడేసరికి దాని మడిలో నాలుగు కాడలు నిలబడి మొగ్గలు తొడిగినాయి. నా దాంట్లో ఉత్త ఆకే. పండగ నాడు అది జడ నిండా పూలు పెట్టుకొని ముందర నడిస్తే, నేను ఆ వాసన పీలుస్తూ వెనక నడవాల్సిందే.

కొట్లాడిన ఆ సాయంత్రమే దాని పక్క కాలువకు మన్ను అడ్డం వేసినాను. తడిపి, మెదిపి, కాలితో అణగదొక్కినాను. గోడ కట్టేవాళ్లు కూడా అంత గట్టిగా కట్టరు. వెనక్కి తిరిగితే అవ్వ.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా మడి దగ్గర కూర్చొని కొడవలి మొనతో ఒక దుబ్బు పెకలించింది. నేనేరుకున్న లావు గడ్డ మధ్యలో వడిలిపోయి ఉంది. దాని చుట్టూ ఏడెనిమిది పిల్లలు.

“ఇది పోయినేడే పూసిందే. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. పిల్లల్ని పెడతాది, అంతే. నెత్తిన మోడు చూడలేదా?”

“తెలిసీ నాకేటికి ఇస్తివి?”

“నేనిచ్చినానా? నువ్వు గుంజుకొంటివి. ‘ఏది పూస్తాది అవ్వా’ అని ఒక్క మాట అడిగింటే నీ నాలుక అరిగిపోతుండెనా?”

దుబ్బును మళ్లీ గుంతలో పెట్టి మన్ను కప్పింది. లేస్తూ నా అడ్డం వైపు చూసింది. “రేపు గిన్నెలు కడిగేది నువ్వే గదా. తీసేదీ పెట్టుకునేదీ నీ ఇష్టం” అని పోయింది.

నేను బడికి పోయింది రెండేండ్లే. అక్కడ చదివింది చాలామటుకు మరిచినాను, ఇది మరవలేదు. కుళ్లు ఆ దినంతో పోయిందని చెప్తే అబద్ధం. ఈ వయసులో కూడా పక్కింటి తొట్టెలో పూలు చూస్తే నావాటితో లెక్కపెట్టి చూసుకుంటాను. కానీ గడ్డలైనా చీరలైనా, పంచేటప్పుడు ముందు చెయ్యి చాపను. తెలిసినవాళ్లను అడుగుతాను. గడ్డ చేతికొస్తే ముందు దాని నెత్తి చూస్తాను.

అడ్డం వేసిన మరుసటి దినం తెల్లారి గిన్నెలు ముందరేసుకొని కూర్చున్నాను. నీళ్లు కాలువ చివరకు పారి, నా అడ్డానికి తగిలి, అన్నీ నా మడికే తిరిగినాయి. కాసేపు చూసినాను. లేచి పోయి అడ్డాన్ని మడమతో తన్నినాను. రాత్రికి మన్ను రాయి మాదిరి బిగిసింది, కదల్లేదు. కూర్చొని గోళ్లతో గీకి తీసినాను. నీళ్లు దాని మడికి పోయినాయి. అంతలో అది వచ్చి, విచ్చిన రెండు పూలు కోసి జడలో పెట్టుకొని లోపలికి పోయింది. నేను మిగిలిన గిన్నెలు కడిగినాను.