కాగితం గవ్వకు పరుపు

మా ఆయన సముద్రం దగ్గరికి పోయింది రెండే సార్లు. మొదటిసారి పోయొచ్చినాక గుత్తి బజారంతా నవ్వింది. రెండోసారి పోయొచ్చినాక ఒక్కడన్నా నోరు తెరిచినాడా? తెరవమను చూస్తా! ఆ కతే చెప్తాండా. మధ్యలో అడ్డమొచ్చినావంటే నాకు కోపమొస్తాది, ముందే చెప్తాండా.

ఆయన పేరు బుడేన్ సాబ్. దూదేకే పని. ఆయన ఏకుతాడు, నేను రంజాన్ బీని, పరుపులు కుడతా. మా కొట్టంలో దూలానికి విల్లు వేలాడుతాండె. కొయ్య గుండుతో దాని నరాన్ని కొడితే, గడ్డకట్టిన పాత దూది గూడా పాల పొంగు మాదిరి లేచేది. గుత్తిలో పెండ్లి పరుపంటే మా కొట్టంలోనే పుట్టాల. "బుడేన్ సాబ్ ఏకిన దూది కుంగదు" అనేవాళ్లు జనం. మాకు ఉన్న ఆస్తి ఆ మాటొక్కటే.

మా కొట్టానికి ఎదురుగా కన్యకమ్మ వాళ్ల కిరాణా అంగడి. ఆయమ్మ కొడుకు రామకృష్ణయ్య అనంతపురం కాలేజీలో జంతువుల పాఠం చెప్పే సారు. గుడ్డు కూడా ముట్టని శెట్ల ఇంట్లో పుట్టినోడు, పోయి పోయి చేపల మీద పడినాడు చూడు! ఎండాకాలం సెలవులిస్తే చాలు, నెల్లూరు దిక్కు సముద్రం ఒడ్డుకు పోయేవాడు. జాలర్ల వలల్లో ఏమేం పడతాండాయో చూసి, చేపలు, నత్తలు, గవ్వలు, ఆల్చిప్పలు రకానికొకటి తెచ్చేవాడు. ఏది ఏ జాతో పోల్చి, పేరు తేల్చి, కాలేజీలో ఒక గది నిండా పెట్టాలని ఆయన పట్టుదల. వానకే మొగం వాచిన సీమకు ఈయన సముద్రం తెస్తాడంట అని ఎగతాళి చేసినారు. నాకు మాత్రం ఆ మాట భలే నచ్చింది. మన పిల్లోళ్లు చూడొద్దా ఏమి?

కన్యకమ్మకు నచ్చలేదు. "చేపల డబ్బాలు నా గడప దాటినాయంటే నేను బావిలో దూకుతా" అని వీధిలోకొచ్చి అరిచింది.

"దూకొద్దులేమ్మా, బావిలో నీళ్లు యాడుండాయి? కాళ్లు విరుగుతాయి. మా కొట్టంలో పెట్టుకుంటాం" అన్నా నేను.

అట్ల మా దూది మూటల పక్కన సారు డబ్బాలు చేరినాయి. విప్పితే ఏముండాది? రైలు కుదుపులకు సగం గవ్వలు పగిలిపోయింటాయి, చేపల రెక్కలు విరిగిపోయింటాయి. రెక్కలో ముండ్లు లెక్కపెట్టి గానీ చేపను పోల్చేకి కాదంట. రెక్క పోతే పేరు పోయినట్లే. సారు మొగం చూడలేక మా ఆయన, "సార్, మీరు గడ్డిలో చుట్టి తెస్తాండారు. నేనొస్తే దూదిలో చుట్టి తెస్తా" అన్నాడు. "రాప్పా, అంతకంటేనా!" అన్నాడు సారు. అది యాభై ఏడో సంవత్సరం.

అంత పెద్ద సముద్రం చూస్తే ఏమనిపించిందని తర్వాత అడిగినా. "కోపమొచ్చింది. ఇన్ని నీళ్లుండి మన ఊరికి ఒక్క చెంబుడు రాలేదే అని" అన్నాడు. మా ఆయన అట్లాంటోడు.

ఇప్పుడు ఆ తప్పు చెప్తా. మేము దూదోళ్లం. మాకు తడి అంటే శత్రువు. మబ్బు పట్టిందంటే మూటలు లోపలికి, తడి చేత్తో దూది ముట్టుకుంటే నేనే ఆయన్ని తిట్టేదాన్ని. సారు ఆడ చేపల్ని ఘాటు మందునీళ్లలో తడిపిన దూదిలో చుట్టి డబ్బాల్లో పెట్టినాడు. పెట్టి, పక్కూరి పడవలు చూసేకి పోయినాడు. ఈయన డబ్బా మూత తీసి చూస్తే దూదంతా ముద్ద ముద్ద! "ఎవుడో చేతగానోడు నా దూదిని నీళ్లలో ముంచినాడు" అని ప్రాణం ఉసూరుమంది ఆయనకు. అంతా బయటికి తీసి, పిండి, ఇసకలో గుడ్డ పరిచి ఎండేసినాడు. బాగా ఎండినాక చేత్తో విదిలించి, మెత్తగా చేసి, పసిబిడ్డకు చుట్టినట్లు ఒక్కో చేపకు చుట్టి, మూతలు బిగించి పెట్టినాడు. సారు రైలు టైముకు ఉరుక్కుంటా వచ్చి, డబ్బాలు చూడకుండానే ఎక్కించినాడు.

గుత్తిలో మా కొట్టంలోనే విప్పినారు. చేపలన్నీ చెక్క మాదిరి బిగుసుకోనుండాయి. సారు ఒక రెక్కను ఇట్ల వేలితో తాకినాడో లేదో, అప్పడం మాదిరి పటుక్కుమని విరిగింది. ఆ ఎండాకాలం తెచ్చిన చేపల్లో ఒక్కటీ పనికి రాలేదు.

సారు తిట్టలేదు. "తడిగానే ఉండాలని నేను చెప్పలేదప్పా. తప్పు నాది గూడా" అన్నాడు. తిట్టింటే బాగుండు! మా ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

బజారు ఊరుకుంటాదా? "ఏమప్పా బుడేన్ సాబూ, చేపలకు పరుపులు కుట్టినావంటనే?" అని ఒకడు. "పీతలకు దిండ్లు గూడా కుడతావా?" అని ఇంకొకడు. నేను చీపురు తీసుకొని వీధిలోకి పోయినా. మా ఆయన నా చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చినాడు. ఆయన తలకాయ వంచుకొని ఏకుతానే ఉండె. మరుసటేడు సారు పిలిచినా పోలేదు.

యాభై తొమ్మిదిలో, ఎండలు మండుతాండంగ, తంతి వచ్చింది. తంతి అంటే చావు కబురే అనుకొని స్టేషనుకు ఉరికినా. స్టేషను గుమాస్తా చదివి చెప్పినాడు: "బుడేన్ సాబ్, దూది తీసుకొని వెంటనే రా. రామకృష్ణయ్య."

మా ఆయన విల్లు దించి గోడకానించి కూర్చున్నాడు. "నేను పోను. ఈసారి గూడా చెడగొట్టినానంటే ఈ ఊర్లో మళ్లీ విల్లు ఎత్తలేను. మన దూదిని ఎవురు నమ్ముతారు?" అన్నాడు. ఆయన కండ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. నాకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా! ఊరోళ్లు నవ్వితే నవ్వినారు. ఆ సారు నవ్వినాడా? వందమంది చేతగానోళ్లను వదిలిపెట్టి నీకే కదా తంతి కొట్టినాడు! లెయ్! లెయ్యకపోతే నేను పోతా, దూది మూట నెత్తినేసుకొని!"

లేచినాడు. నల్లరేగడి పత్తిలో మేలైంది ఏరి, ఏకినాడు, మళ్లీ ఏకినాడు, ఊపిరి తగిలితే ఎగిరిపోయేదాకా ఏకినాడు. నేను పాత మెత్తటి చీర చింపి మూట కట్టిచ్చినా.

ఆడ సముద్రం ఒడ్డున సారు చేతిలో ఏముండె తెలుసునా? ఒక తెల్ల గవ్వ, చిన్న పడవ మాదిరి, ఒళ్లంతా గీతలు, అంచున వరసగా చిన్న చిన్న బుడిపెలు. లోపల ఖాళీ. ఎంత పల్చనంటే, ఎండకు పెడితే అవతల వేళ్లు కనపడేవంట. సారు దానికి కాగితం గవ్వ అని పేరు పెట్టినాడు. ఆయన సముద్రానికి పోయినన్నేండ్లలో అట్లాంటిది దొరికింది అదొక్కటే. గవ్వల పేర్లు తేల్చే పెద్దాయన మద్రాసు నుంచి అనంతపురం వస్తాండాడు. అంచున బుడిపెలు చెదరకుండా ఉంటేనే ఆయన దాని జాతి ఇదని ఒప్పుకుంటాడు. విరిగిందా, ఇది ఫలానా జాతన్న సారు మాట నమ్మేవాడు ఉండడు.

మా ఆయన దూది మూట దించి, ముందుగా అడిగిన మాట ఇది: "సార్, తడా, పొడా?"

సారుకు నవ్వాగలేదంట, ఏడుపాగలేదంట. "పొడేనప్పా. ఈసారి పొడే" అన్నాడంట.

ఇంక అది మా పనే కదా! పరుపు మూలలు నింపేది ఎట్లనో మా ఆయనకు తెలీదా? ముందు గవ్వ లోపల చిటికె చిటికె దూది పెట్టినాడు, ఒత్తకుండా, ఊరికే నిండేటట్లు. తర్వాత గంపలో మెత్తగా గూడు చేసి, దాంట్లో దించి, పైన పొర మీద పొర కప్పినాడు. గంపను ఒళ్లో పెట్టుకొని రైలెక్కినాడు. రేణిగుంటలో జనం మీద జనం పడతాంటే, ఒకాయన ఇనప పెట్టె తెచ్చి గంప మీద పెట్టబోయినాడంట. "యాడ పెడతాండావ్ రా!" అని మా ఆయన అరిచిన అరుపుకు రైలు పెట్టెలో పక్కనున్న సారే ఉలిక్కిపడినాడంట. ఎప్పుడూ గొంతెత్తని మనిషి! కాసేపు నాకియ్యి, నువ్వు నడుం వాల్చు అని సారు బతిమాలినా ఇయ్యలేదు. గుత్తిలో దిగి ఇంటికి గూడా రాలేదు, అట్లే అనంతపురం పోయినాడు.

కాలేజీలో మద్రాసు పెద్దాయన కండ్లద్దాలు సర్దుకొని కూర్చున్నాడు. మా ఆయన వాకిలి దగ్గర నిలబడితే, సారు లోపలికి పిలిచి, "కట్టినోడివి నువ్వే విప్పాలప్పా" అన్నాడు. ఆయన గంప దించి కూర్చున్నాడు. పొర తీసినాడు, ఇంకో పొర తీసినాడు. గవ్వ కనపడింది. పెద్దాయన వంగి, భూతద్దం పెట్టి, బుడిపెలు ఈ కొస నుంచి ఆ కొసకు చూసుకుంటా పోయినాడు. ఒక్కటీ చెదరలేదు! ఇంగ్లీషోళ్ల నోటికి గూడా తిరగని పేరేదో చెప్పి, "అవును రామకృష్ణయ్యా, నీ మాటే నిజం" అన్నాడు. సారు అందరి ముందర మా ఆయన్ని కావలించుకున్నాడు.

గవ్వను తీసి అద్దం మీద పెట్టండి అన్నారంట ఎవురో. సారు ఒప్పుకోలేదు. "అది దాని పరుపు. దాని మీదనే ఉండనీ" అన్నాడు.

మరుసటేడు ఆ గది తెరిచినప్పుడు నేను, కన్యకమ్మ కలిసి పోయినాం. అవును, బావిలో దూకుతానన్న ఆయమ్మనే! వాసన లేకున్నా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నడిచింది. చేపల సీసాలు దాటుకొని కాగితం గవ్వ దగ్గరికి వచ్చినాం. జనం ఎగబడి చూస్తాండ్రి. కన్యకమ్మ కొంగు దించి, నన్ను మోచేత్తో పొడిచి, "చూసినావా రంజాన్ బీ, మావాడు తెచ్చిన గవ్వ?" అనింది.

"చూసినాలేమ్మా. నువ్వు దాని కింద చూడు" అన్నా.

ఆయమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఏడాదైందే, ఒక్క పోగు కూడా కుంగలేదు గదే" అనింది.

"కుంగదమ్మా" అన్నా అందరికీ వినపడేటట్లు. "మా ఆయన ఏకింది."