బెంగళూరికి నాయన పోయొచ్చిన రోజు

మందుల మీద చదివే ఫార్మ్-డి కోర్సు అయిపోయిన ఆర్నెల్లకు బెంగళూరులోని ఒక పెద్దాసుపత్రి నుంచి నాకు మెయిల్ వచ్చింది. ఏడాదిపాటు రెసిడెన్సీ. వార్డుల్లో డాక్టర్ల వెంట తిరుగుతా, ఎవరికి ఏ మందు, ఎంత డోసు, ఏ మందుకు ఏది పడదు అని చూసే శిక్షణ. సీటు ఇచ్చినాం, పదిరోజుల్లో వచ్చి చేరమని రాసినారు. అప్పటికి నేను ఆదోనిలో ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాను. ఎమ్మిగనూరులోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో పోయొచ్చేదాన్ని.

ఆ మెయిల్ బస్సులోనే చదివినాను. సంతోషం కలగలేదు, ఇంటర్న్‌షిప్పు గుర్తొచ్చింది.

ఇంటర్న్‌షిప్పులో ఒకరోజు రౌండ్స్‌లో పెద్ద డాక్టరు నన్నొక ప్రశ్న అడిగినారు. కిడ్నీలు దెబ్బతిన్న ఒక ముసలాయనకు మందు ఎంత తగ్గించాలి అని. నాకు తెలుసు. ముందురోజే చదివినాను. కానీ అంతమంది మధ్య నోరు పెగల్లేదు. ఆయన తిట్టను కూడా లేదు. "పరవాలేదమ్మా, రేపు చూసి చెప్పు" అన్నారు. ఆ మర్నాడు నేను జ్వరమని అబద్ధం చెప్పి సెలవు పెట్టినాను. ఇంక ఏడాదంతా అట్లాంటి పొద్దులేనంటే నా వల్ల కాదనిపించింది.

షాపులో పని నాకు నిజంగానే ఇష్టం. పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లకు మాత్రల కవరు మీద సూర్యుణ్ణో చంద్రుణ్ణో గీసి, ఎప్పుడు మింగాలో నిదానంగా చెప్పేదాన్ని. ఇదే ఉద్యోగం చేసుకుంటానని ఇంట్లో అనుంటే సరిపోయేది. అనలేదు. ఆసుపత్రికి "సొంత కారణాల వల్ల చేరలేను" అని రెండు లైన్లు రాసి పంపి, ఇంట్లో మాత్రం సీటు రాలేదని చెప్పినాను.

నాయన మగ్గం ఆపి నా మొగం చూసినాడు.

"ఎందుకియ్యలేదంట పాపా? నీకంటే బాగా సదివినోళ్లు ఎవురుండారు?"

"ఆడ సిఫార్సులుంటాయి నాయనా" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. అంత సులభంగా వచ్చింది.

నాలుగు రోజులకు నాయన తుగ్గలిలో చుట్టాలింటికి పోయొస్తానని చెప్పి బయలుదేరినాడు. నేను ఏమీ అనుకోలేదు. రెండోరోజు పొద్దున షాపులో చీటీలు చూస్తా తలెత్తితే, కొనేవాళ్ల వెనక నాయన నిలబడున్నాడు. చంకలో నా సర్టిఫికెట్ల ఫైలు, చేతిలో చీర పెట్టిన సంచి. ఆ చీర ఆయనే నేసింది.

తన వంతు వచ్చేదాకా ఆగి కౌంటరు దగ్గరకొచ్చినాడు.

"రైలు దిగి నేరుగా ఈడికే వస్తాండాను. బెంగళూరు పోయింటి" అన్నాడు మెల్లగా. "ఆ ఆసుపత్రిలో మేడమ్ శానా మంచిది. కుర్చీ ఏపించి కూసోబెట్టింది. చీర ఇయ్యబోతే వద్దనింది. కంప్యూటర్‌లో చూసి, మేము సీటిచ్చినాం, మీ పాపే రానని రాసింది అని సెప్పింది."

నా చేతిలో ఎవరిదో చీటీ ఉంది. పక్కనున్న పెద్దామె "నా మాత్రలమ్మా" అంటాంది. తల దించుకుని ఆమెకు మాత్రలిచ్చినాను. తలెత్తేసరికి నాయన బస్టాండు వైపు పోతున్నాడు.

సాయంత్రం ఇంటికి పోతే మామూలుగానే నేస్తున్నాడు. అమ్మ ఎప్పటిలాగే పలకరించడంతో, ఆమెకు ఏమీ చెప్పలేదని అర్థమైంది. మగ్గం పక్కన కూర్చుని, "భయమేసింది నాయనా. అందుకే పోలేదు" అన్నాను.

"బయమైతే బయమని సెప్పుంటే అయిపోతాండె. వద్దంటే నేనేమన్నా కొడతానా?" అన్నాడు. మగ్గం మీద పోగు సరిచేస్తా, "ఆయమ్మ ముందర చేతులు కట్టుకోని నిలబడి, మా పిల్లకు సిఫార్సు లేదు తల్లీ, సదువు చూసి ఇయ్యండి అని బతిమలాడితిని పాపా. ఆ గదిలో శానామంది ఉండ్రి" అన్నాడు.

నేను క్షమించమని అడగలేదు. అడిగితే వెంటనే క్షమిస్తాడని తెలుసు. అంత సులభంగా తప్పించుకోవడానికి ఆ పూట మనసొప్పలేదు.

మరుసటి ఏడు ఆ ఆసుపత్రి వాళ్లు మళ్లీ దరఖాస్తులు పిలిచినారు. ఈసారి ఫోను నాయనకు చూపించి, "నేను పోను నాయనా, షాపులోనే చేస్తా" అన్నాను.

"బయమా, ఇష్టమా?" అన్నాడు.

"రెండూ."

"సరే" అన్నాడు.

ఇప్పటికీ ఆదోని షాపులోనే ఉన్నాను. అయితే మా వీధిలో అందరికీ నాకు సీటు రాలేదన్న పాత కథే తెలుసు. మొన్న పక్కింటాయన మా గడపలో కూర్చుని, "సిఫార్సు లేందే మనట్లాంటోళ్ల పిల్లోళ్లకు యాడిస్తారప్పా" అన్నాడు. నాయన నా వైపు చూడకుండా, "అవునప్పా" అన్నాడు. నేను పక్కింటాయనకు టీ గ్లాసు అందించి లోపలికి వచ్చేసినాను.