మాక్తెల్డ్ మలుగుల కత్తి

మెహెలెన్ ఊరి చేపల బజారులో మాక్తెల్డ్ నోటికి భయపడని మొగాడు నాకు కనబడలేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ మలుగులమ్మి బతికింది. పాముల్లా జారిపోయే ఆ చేపల్ని తల దగ్గర పట్టుకుని ఒక్క లాగుతో తోలు ఒలిచేసేది.

బట్టలకి రంగులద్దే గిల్లిస్ ఒకనాడు ఆమె బల్ల ముందు ముక్కు మూసుకున్నాడు.

"కంపు చేపలదా, నీదా?"

చేతిలో కత్తి విసిరింది. వాడి కుడి ముంజేయి చీలిపోయింది.

విశ్వవిద్యాలయం నుంచి పెద్ద వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన గాయాన్ని మంచినీళ్లతో కడిగి, గుడ్డ కట్టి, ఇక దాని జోలికి పోవద్దన్నాడు. మందు రాయాల్సింది గాయానికి కాదట, కోసిన కత్తికట! కత్తికంటిన నెత్తురికీ ఒంట్లో నెత్తురికీ మధ్య కంటికి కనబడని లాగుడుందట. కత్తి చల్లగా ఉంటే గాయం మానుతుంది, వేడెక్కితే చెయ్యి కుళ్లుతుంది.

గిల్లిస్ పెళ్లాం బార్బ పరుగున వచ్చింది. "ఆ కత్తి ఇవ్వవే, నీకు పుణ్యముంటుంది."

"ఇచ్చేసి, చేపల్ని పళ్లతో ఒలవనా?"

ఆ రోజే మాక్తెల్డ్ బల్లని గిల్లిస్ కిటికీ కిందికి జరిపింది. మలుగు మీద కత్తి పెట్టినప్పుడల్లా "ఇదుగో గిల్లిస్, నీకే!" అని కేక. తన చెయ్యే కోస్తున్నట్టు పైనుంచి వాడి గావుకేక. బజారంతా బేరాలు మానేసి చూసేది.

కొన్నాళ్లకి వైద్యుడు కట్టు విప్పితే గాయం ఎండుతోంది! అందరం ఆయన మొహంకేసి చూశాం. ఆయన తడుముకోలేదు.

"మలుగు కొవ్వు చలవ. కత్తికి రోజూ అదే పట్టింది. ఒలుస్తూనే ఉండమ్మా, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది."

మాక్తెల్డ్ మొహం మాడిపోయింది. "వీడి చెయ్యి బాగుపడ్డానికా నేనింత చాకిరీ చేసింది!"

కత్తి తుడిచి ఎండలో మేకుకి తగిలించింది. మర్నాటి నుంచి ఉప్పుచేపలే. వచ్చే బేరం సగానికి పడిపోయినా సరే, మలుగు ముట్టలేదు.

"ఒక్కటన్నా ఒలవ్వే రాక్షసీ!" కిటికీలోంచి గిల్లిస్ ఏడుపు.

"దిగొచ్చి నువ్వే ఒలుచుకోరా!"

అయినా చెయ్యి మానింది. మానగానే వాడు దాన్నెత్తి న్యాయాధికారి ముందు ప్రమాణం చేశాడు.

"ఈవిడ నన్ను చంపాలని చూసింది దొరా."

"కత్తితోనా?"

"కాదు దొరా, ఉప్పుచేపలతో."

మేమంతా నవ్వాం. న్యాయాధికారి నవ్వలేదు. ఆయనా ఆ విశ్వవిద్యాలయంలో చదివినవాడే. మాక్తెల్డ్‌ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు.

ఇప్పుడు ఆంట్వెర్ప్ రేవులో బల్ల పెట్టుకుంది. గిల్లిస్‌కి చెయ్యి సలిపినప్పుడల్లా, ఆ పక్కకి పోయే పడవవాళ్లని బతిమాలుకుంటాడు, ఆవిడ ఏం చేపలు అమ్ముతోందో చూసి రమ్మని.