బొరుగుల్లో కలిసిన బిళ్ళలు

మా పెద్దనాయన పోయిన నెల ఆళ్ళగడ్డలో కన్నుమూశాడు. నంద్యాలలో నా స్టీలు సామాన్ల అంగడి తాళం తీస్తుంటే అన్న ఫోన్ చేశాడు. అన్నంటే పెద్దనాయన కొడుకే. "నాయన పోయినాడు మే. నిద్దర్లోనే పోయినాడు. బేగా రా" అన్నాడు. తీసిన తాళం మళ్ళీ వేసి బస్సెక్కాను. నిండు వయసు, మంచాన పడకుండా పోయాడు. కడుపారా ఏడ్చి, మనసు తేలిక చేసుకోవాల్సిన చావు. అలా ఏడవనివ్వలేదు మావాళ్ళు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. ఆయన గురించి వీలైనంత మెత్తగానే రాస్తాను. మిగతావాళ్ళ గురించి మాట ఇవ్వలేను.

ఆయనది ఇత్తడి, రాగి పాత్రల అంగడి. పాత సామాను తూకానికి తీసుకుని కొత్తది ఇచ్చేవాడు. సొట్ట చెంబులతో పాటు ముసలమ్మలు కొంగున ముడివేసుకొచ్చిన పాత నాణేల బిళ్ళలు కూడా తక్కెడలో పడేవి. మిగతా అంగళ్ళవాళ్ళు వాటిని కరిగించడానికి పంపేవాళ్ళు. ఈయన మాత్రం ఒక్కో బిళ్ళను అంగడి ముందు బండ మీద వేసి, ఆ చప్పుడు విని, తనలో తాను తల ఊపి, టిఫిన్ క్యారియర్‌లో దాచేవాడు. మూత సొట్టపడి అమ్ముడుపోని ఇత్తడి క్యారియర్ అది. కింది గిన్నెలో రాగి బిళ్ళలు, నడిమి గిన్నెలో చిల్లు కాణీలు, పై గిన్నెలో వెండివి. "ఆయప్ప క్యారియర్‌లో కూడు తప్ప అన్నీ ఉంటాయి" అని పెద్దమ్మ దెప్పేది.

ఒక ఉగాదికి పెద్దమ్మ బిందెలతో పాటు ఆ రాగి బిళ్ళలను కూడా చింతపండు పెట్టి తళతళలాడేలా తోమింది. మెచ్చుకుంటాడనుకుంది పాపం. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. "చింతపండు బిందెకు. బిళ్ళకు కాదు. దాని మసి దాని వయసు" అన్నాడు. పండగపూట అలిగిన మొగుణ్ణి బతిమాలలేక పెద్దమ్మ కూడా పస్తే పడుకుంది.

నన్ను అంగడి గద్దె మీద కూర్చోబెట్టింది ఆయనే. ఆడపిల్ల గద్దెక్కితే నలుగురూ ఏమంటారని మా అమ్మ గొణిగితే, "కూచోనీ మ్మా, గద్దె ఏమన్నా అరిగిపోతాదా?" అన్నాడు. ఈరోజు నంద్యాలలో నా అంగడి నేను నడుపుకుంటున్నానంటే ఆ ఒక్క మాట వల్లే. ఆ గద్దె మీద కూర్చునే ఒకసారి చిల్లు కాణీని ఉంగరమని చిటికెన వేలికి దూర్చుకున్నాను. ఎంత లాగినా రాలేదు. అంగడిలో పనిచేసే ఆయన పట్టకారు పెట్టి తిప్పితే కాణీ అంచున గాటు పడింది, నేను వీధంతా వినపడేలా అరిచాను. పెద్దనాయన ఆయన చేతిలోంచి పట్టకారు లాక్కుని, వేలంతా ఆముదం రాసి, ఏదో కబుర్లు చెబుతూ మెల్లగా జార్చేశాడు. "పట్టకారుతో లాగితే వచ్చేది వేలు మే, బిళ్ళ కాదు" అన్నాడు. ఆ గాటు కాణీని నాకు చూపించి, "ఇది నీదే. ఈ క్యారియరంతా నీదే" అన్నాడు.

ఆ మాట తర్వాత కూడా అందరి ముందూ ఎన్నోసార్లు అన్నాడు. అన్నాడే గానీ చేతికి ఇవ్వలేదు. అందుకే ఆయన మీద కూడా నాకు కోపమే. ఇవ్వదలచుకున్నది బతికుండగానే ఇచ్చిపోవాలి. నోటిమాటకు ఇంట్లో ఎవరు విలువిస్తారు?

మా వైపు నిండు వయసువాళ్ళు పోతే పాడె వెంట బొరుగులు, అదే మరమరాలు, చిల్లరతో కలిపి చల్లుతూ తీసుకుపోతారు. ఆ చిల్లర ఏరుకుని పసిపిల్లల మొలతాడుకు కడితే గట్టి ఆయుష్షని నమ్మకం. ఆడవాళ్ళం వీధి చివరి వరకే పోవాలి. అక్కడ ఆగి దండం పెట్టుకుంటుంటే నా కాలి దగ్గర, బొరుగుల మధ్య, నల్లటి బిళ్ళ కనిపించింది. వంగి తీశాను. రాగిది. తలెత్తి చూస్తే అన్న నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నాడు. పాడె పక్కన అతని బావమరిది క్యారియర్ గిన్నెను చంకలో పెట్టుకుని పిడికిళ్ళతో చల్లుతున్నాడు. ఆపమని అరిచాను. తప్పెట్ల మోతలో ఎవరికీ వినపడలేదు. పక్కనున్న ముసలామె నా వీపు నిమిరి, "ఏడ్సుకో తల్లీ, ఏడ్సుకో" అంది.

ఇంటికొచ్చి చూస్తే క్యారియర్‌లో పై గిన్నె ఒక్కటే మిగిలి ఉంది. వాళ్ళు శ్మశానం నుంచి రాగానే అడిగాను. "ఏందన్నా నువ్వు చేసిన పని?"

"చిల్లర యాడా దొరకలేదు మే. కిరాణా అంగట్లో లేదన్నారు, టీ అంగట్లో లేదన్నారు. అందరూ ఫోన్లలోనే కొడ్తాండారు, ఇంగ చిల్లర యాడ్నుంచి వస్తాది? ఆడ పాడె లేస్తాంది. ఇంట్లో ఉండేవి తీసిచ్చినా. చెల్లని దుడ్లే గదా?"

"చెల్లనివైతే పై గిన్నె ఎందుకు మిగిలిచ్చినావ్?"

వదిన లోపలి నుంచి, "వెండివి ఎవురన్నా రోడ్డు మీద పారబోస్తారా?" అంది. తండ్రికి తలకొరివి పెట్టి వచ్చినవాణ్ణి ఆ పూట తిట్టకూడదని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

తల స్నానం చేసి కూర్చుంటే ఆత్మకూరు సంత గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెద్దనాయన పాత్రలు అమ్మడానికి పోతూ నన్ను కూడా తీసుకుపోయేవాడు. నల్లమల గూడెం నుంచి తేనె తెచ్చిన ఒకామె మెడలో, పూసల మధ్య, ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్న వెండి బిళ్ళ ఉంది. "అడుగు పెద్దనాయనా, బిందె ఇస్తామను" అని చెవిలో చెప్పాను. ఆయన ఆ బిళ్ళ వంక తనివితీరా చూశాడు. "ఒంటి మీదుండే రూకను అడగరాదు మే. దాని ఇల్లు అదే" అని తేనె మాత్రం కొనుక్కుని వచ్చేశాడు. సంత నుంచి వస్తూ దారంతా నేను మూతి ముడుచుకునే ఉన్నాను.

పెద్దకర్మకు మళ్ళీ పోయాను. అప్పటికి అన్న ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. పాత కాణీలకు లక్షలిస్తారట. గుమ్మంలోనే పట్టుకున్నాడు. "వీధిలో అందరినీ అడిగి ఎనక్కి తీసుకుందాం మే. వెండివి కూడా కలిపి అమ్మితే చెరి సగం. నాయన నీకేనన్నాడు గదా, నువ్వడిగితే కాదనరు." చల్లేటప్పుడు చెల్లని దుడ్లు. ఇప్పుడు లక్షలు. ఆ నోటిమాట కూడా అన్నకు ఇప్పుడే గుర్తొచ్చింది. చెడామడా తిట్టాను. తిట్టి, అతని వెంటే బయల్దేరాను. లక్షల కోసం కాదు. నా గాటు కాణీ కోసం.

ఎవరూ ఇవ్వలేదు. ఒకాయన మొహం మీదే, "పాడె మీద చల్లింది మళ్ళా అడుక్కుంటారా అప్పా? సిగ్గుండల్ల" అన్నాడు. ఆ మాట అన్నకు తగల్లేదు, నాకు తగిలింది.

వీధి చివరి ఇంటి గడపలో ఒక పసిపిల్ల కూర్చుని ఉంది, ఇంకా నడక రాలేదు. మొలతాడుకు చిల్లు కాణీ. అంచున గాటు. నా చూపు చూసి వాళ్ళమ్మకు అర్థమైంది. "మీదేనా అక్కా? ఇది కట్టినప్పట్నుంచి ఉలిక్కిపడకుండా పడుకుంటాంది. మీకు కావాలంటే ఇప్పి ఇస్తా" అని ముడి మీద చెయ్యి వేసింది.

"తీసుకో మే, ఊరికే ఇస్తాంది గదా" అన్నాడు అన్న వెనకనుంచి.

అప్పుడొచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అన్న మీద కంటే పెద్దనాయన మీద ఎక్కువ వచ్చింది. ఒంటి మీది రూకను అడగరాదన్న మాట నా నెత్తిన పెట్టి పోయింది ఆయనే కదా. నా కాణీ నా కళ్ళ ముందే ఉంది, నేను అడగలేను.

"ఉండనీ మ్మా" అన్నాను. అన్న వైపు తిరిగి చెప్పాను. "ఇంగ ఏ గడపా తొక్కేది లేదు. వెండివి నేను నంద్యాలకు తీసుకపోతాండా. అమ్మేది లేదు, సగాలు పంచేది లేదు. నీకు మనవడో మనవరాలో పుట్టి మొలతాడు కట్టే దినం రా, ఒకటిస్తా. కట్టుకోను ఇస్తా. అమ్ముకోను మాత్రం ఇయ్యను."

అన్న ఏదో గొణుక్కుంటూ వీధిలోకి దిగాడు. ఇంతలో పిల్ల కెవ్వుమంది. చూస్తే చిటికెన వేలు కాణీ చిల్లులో దూర్చుకుని ఉంది, బయటికి రావడం లేదు. వాళ్ళమ్మ కంగారుగా లాగబోయింది.

"లాగొద్దు మ్మా" అని నేను గడప మీద కూర్చుని ఆ చిన్న చెయ్యి పట్టుకున్నాను. "ఇంట్లో ఆముదం ఉంటే తీసుకరా."