ఎర్ర దారం కట్టిన పొట్లం

ఇంట్లో సొంతంగా ఫోటోలు కడుక్కునే పిచ్చి ఉన్నవాళ్ళు మా పామర్రు చుట్టుపక్కల నాకు తెలిసి నలుగురున్నారు. కలిసినప్పుడల్లా నలుగురూ అడిగేది ఒకటే, మందులు ఎక్కడ దొరుకుతాయి మాస్టారూ అని. ఊళ్ళో స్టూడియో ఆయన్ని అడిగి లాభం లేదు, హైపో అనే మందు చెంచాడు కూడా బయటికి పోనివ్వడు. విజయవాడ వెళ్ళక తప్పదు. పోయిన నెల రెండో శనివారం నేను వెళ్ళొచ్చాను కాబట్టి దారి, ఖర్చు, కొట్టు సంగతి అన్నీ రాస్తున్నాను. అయితే ఆ రోజు నాకు మందులు ఒక వంక మాత్రమే. అసలు పని వేరే ఉంది. ఆ సంగతి దాచి ఉత్త దారి ఖర్చులు రాస్తే, ఇదివరకే ఆడిన అబద్ధానికి ఇంకొకటి జత చేసినట్టు అవుతుంది.

మా హైస్కూల్లో నేను సైన్సు చెబుతాను, సుందరం మాస్టారు డ్రాయింగు చెబుతారు. వేసవి సెలవుల్లో వాళ్ళ పెద్దమ్మాయి గ్రేసు పెళ్ళి మా ఊరి చర్చిలో జరిగింది. ఆయన బెజవాడ నుంచి ఫోటోగ్రాఫర్ని పిలుస్తానంటే అడ్డుపడింది నేనే. "నేనుండగా పైవాళ్ళెందుకండీ" అన్నాను. పన్నెండు ఫోటోల రోలు కెమెరాలో వేసి పన్నెండూ తీశాను. అల్లుడిది నాగపూరులో రైల్వే ఉద్యోగం. మూడో రోజే పిల్లను తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో మందులు నిండుకున్నాయని నేను విజయవాడ వెళ్ళి, ఆ రోలు కొన్న కొట్లోనే మందులు కూడా కొన్నాను. కొట్టు యజమాని నాగభూషణం గారు ముందే అన్నారు, "పెళ్ళి రోలంటున్నారు, ఇటివ్వండి, మా డార్క్ రూములో కడిగి సాయంత్రానికి ఇచ్చేస్తాం" అని. నేను నవ్వి ఊరుకున్నాను. పొట్లాల మీద పేర్లు రాయిస్తానన్నారు, అక్కర్లేదన్నాను. "మాస్టారూ, ఎర్ర దారం కట్టింది..." అని ఆయన ఏదో చెప్పబోయారు. పక్కన ఇద్దరు స్టూడియో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందు ఒక సైన్సు మాస్టారికి మందుల గురించి పాఠం చెప్పడమేమిటి? "తెలుసండీ" అని సంచీ అందుకుని బయటపడ్డాను.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. డెవలపర్ అనేది ఫిల్ము మీద బొమ్మను పైకి తెచ్చే మందు. హైపో ఆ తర్వాత మిగిలినదంతా కరిగించి బొమ్మను నిలబెట్టే మందు. హైపో ముందు తగిలిందంటే బొమ్మ పుట్టకముందే పోతుంది. డెవలపర్లో పడాల్సిన సల్ఫైటు, ఈ హైపో రెండూ ఆ కొట్లో తెల్లటి పలుకులుగానే ఇస్తారు, చూస్తే కలకండ నలగ్గొట్టినట్టు ఒకేలా ఉంటాయి. కిటికీకి నల్ల దుప్పటి కట్టిన మా సామాన్ల గదిలో నేను ఒక పొట్లం విప్పి నీళ్ళలో పోశాను. కలుపుతుంటే సీసా చేతిలో చల్లబడింది. మంచి ఎండాకాలం, హాయిగా అనిపించింది. హైపో కరిగితే నీళ్ళు చల్లబడతాయని తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా సీసా చేతికిచ్చి మరీ చూపించేవాణ్ణి నేనే. ఆ పూట ఆ పాఠం నాకే గుర్తు రాలేదు. ఫిల్ము ఒక్క బొమ్మా లేకుండా గాజు పలకలాగా తెల్లగా బయటికొచ్చింది. అప్పుడు నేల మీద దారాలు వెతికాను. డెవలపర్లో పోసిన పొట్లానిదే ఎర్ర దారం.

మర్నాడు సుందరం మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగితే, "రోలే పాడైందండీ, పాత సరుకు అంటగట్టాడు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడంటారే, సరిగ్గా అదే. ఆయన పాపం నన్ను ఓదార్చారు. ఆ తెల్ల ఫిల్ము అడిగి తీసుకుని, నా తరఫున దెబ్బలాడటానికి తనే విజయవాడ వెళ్ళారు. సాయంత్రానికి కొత్త రోలు నా చేతిలో పెట్టి, "తప్పు వాళ్ళదేనటండీ, మార్చి ఇచ్చారు" అన్నారు. చెయ్యని తప్పు ఆ కొట్టాయన ఒప్పుకున్నాడని విన్నాక నాకు అన్నం సయించలేదు. ఆ కొత్త రోలు నెలన్నర బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది. ఆ కొట్టాయన ముందు నిజం ఒప్పేసుకుందామని చివరికి ప్రయాణం కట్టాను.

పామర్రు నుంచి మొదటి బస్సు అయిదున్నరకు. ఉయ్యూరు, కంకిపాడు మీదుగా రెండు గంటలు పట్టింది, టిక్కెట్టు రెండు రూపాయల లోపే. ఎడమ వైపు కూర్చుంటే పొద్దుటెండ మొహాన కొట్టదు. ఉయ్యూరులో పది నిమిషాలు ఆపితే దిగి రెండు ఇడ్లీ, కాఫీ తీసుకున్నాను. విజయవాడ బస్టాండు నుంచి వన్ టౌన్‌కి సిటీ బస్సు ఉంది కానీ, తిరుగు ప్రయాణంలో సంచీ బరువుంటుంది కాబట్టి రిక్షావాణ్ణి ముందే రానూ పోనూ మాట్లాడుకోవడం మంచిది. నేను రూపాయిన్నరకు మాట్లాడుకున్నాను. కాలువలు దాటి, రైలు పట్టాలు దాటి లోపలికి వెళ్తుంటే రిక్షా అతను ఏం కొంటారని అడిగాడు. ఫోటోలు కడిగే మందులన్నాను.

"మీరు ఫోటోలు తీస్తారాండీ? నా పెళ్ళప్పుడు ఒకటే తీయించుకున్నామండీ. మా ఆడది పుట్టింటికెళితే దాని మొహం చూస్కుని అన్నం తింటానండి" అని తొక్కుతూనే గట్టిగా నవ్వాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను పక్కకు తిరిగి కూర్చున్నాను. మిగతా దారంతా అతను మాట్లాడుతూనే ఉన్నాడు, నేను కొట్ల బోర్డులు చదువుకున్నాను.

కొట్టు చేరేసరికి ఎనిమిదిన్నర. పక్క కొట్ల ముందు మిరపకాయ బస్తాలు దింపుతుంటే ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు. నాగభూషణం గారు అప్పుడే తలుపులు తీసి దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తున్నారు. ఎవరూ రాకముందే చెప్పేయాలని, బస్సులో వల్లె వేసుకున్న మాటలన్నీ మర్చిపోయి ఒక్కసారిగా అనేశాను.

"నాగభూషణం గారూ, ఆ పెళ్ళి రోలు బాగానే ఉందండీ. మందు తారుమారు చేసి నేనే పాడుచేశాను. మీరు ఊరికే మార్చి ఇచ్చిన రోలు ఖరీదు తీసుకోండి."

ఆయన అగరొత్తులు గుచ్చి నా వైపు తిరిగారు. "నేను రోలు మార్చడమేంటండీ?"

"సుందరం మాస్టారికి ఇచ్చారు కదండీ."

"ఆయన కొనుక్కున్నారండీ. వచ్చినప్పుడు మా మీద గట్టిగానే కేకలేశారు లెండి. ఫిల్ము అంచు చూపించి చెప్పాను. అయ్యా, రోలు పాతదైనా, కెమెరా తేడా చేసినా, అంచున కంపెనీ వాళ్ళేసిన అంకెలు పైకొస్తాయి, ఇందులో అవి కూడా లేవంటే కడగడంలోనే పోయిందండీ అన్నాను. ఆ అంచు వెలుతురుకి పట్టుకుని చూసుకున్నారు. తర్వాత కేకలేసినందుకు ఏమీ అనుకోవద్దని నాకు దణ్ణం పెట్టారు. కొత్త రోలొకటి కొని, మా మాస్టారు ఎప్పుడైనా వస్తే మీరే మార్చిచ్చినట్టు చెప్పండి అన్నారు. అలాగే చెబుదామనుకున్నా. మీరే బయటపడితే ఇహ నేనేం చెయ్యను?"

స్టూలు లాక్కుని కూర్చున్నాను. అయితే బడి తెరిచినప్పటి నుంచీ స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చుని, నాకు టీ తెప్పించి, మళ్ళీ ఎప్పుడు ఫోటోలు తీస్తారని అడుగుతున్న మనిషికి అంతా తెలుసు. పాత సరుకు అంటగట్టాడని స్టాఫ్ అందరి ముందు నేను ఈ కొట్టును తిడుతుంటే తలవంచుకుని విన్నారు. అప్పుడు ఆయన నా మొహం చూడలేక తల వంచుకున్నారని నాకు ఇప్పుడు అర్థమైంది. అంత సిగ్గు నేను జన్మలో ఎరగను.

మందులు కొనే ఓపిక లేకపోయినా నాగభూషణం గారు ఊరికే పంపలేదు. డెవలపర్లో ముఖ్యమైన మెటాల్ మాత్రం దొరకలేదు. ఇబ్రహీంపట్నంలో కరెంటు కేంద్రం కడుతున్నారు కదా, అక్కడి పనుల ఫోటోలు తీసేవాళ్ళు ఉన్నదంతా పట్టుకుపోయారట, వచ్చే నెల మొదటి వారంలో వస్తుందన్నారు. హైపో, సల్ఫైటు, డెవలపర్లోనే పడే బోరాక్సు తూచి ప్రతి పొట్లం మీదా నీలం పెన్సిలుతో పేరు రాశారు. ఎర్ర దారం తీసి హైపోకి కడుతూ, "మా నాన్నగారి నాటి అలవాటండీ, చీకట్లో కూడా తెలియాలని ఈ దారానికి రెండు ముళ్ళు వేస్తాం" అన్నారు. ఈసారి చివరిదాకా విన్నాను. వేలితో తడిమి ఆ రెండు ముళ్ళూ చూసుకున్నాను.

తిరుగు బస్సు మూడింటికి దొరికింది. అయిదింటికి పామర్రులో దిగి సంచీతోనే సుందరం మాస్టారింటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు.

"మాస్టారూ, ఆ రోలు..." అన్నాను.

"తెలుసండీ" అన్నారాయన, నన్ను పూర్తి చెయ్యనివ్వకుండా. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇంట్లో చెప్పలేదండీ. రోలే పాడైందన్నాను. మీరూ అలాగే ఉంచండి. కూర్చోండి, కాఫీ తాగుదురు గాని."

నేను కూర్చోలేకపోయాను. ఆయన భార్య కరుణమ్మ గారు కాఫీ గ్లాసులతో వచ్చేసరికి నిలబడే చెప్పేశాను, రోలు పాడు కాలేదని, చేసింది నేనని, పైగా అబద్ధం ఆడానని. ఆవిడ గ్లాసులు కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకున్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"పోన్లెండి. ఆ రోజు నాకు వంటల దగ్గరే సరిపోయింది అన్నయ్యగారూ. గుళ్ళోకి ఆఖర్న పరిగెత్తుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నా. పిల్ల మొహం సరిగ్గా చూడనే లేదు. మీరు దగ్గర్నుంచి చూశారు కదా, తల మీద ముసుగు బాగా కుదిరిందాండీ?"

అప్పుడు కూర్చున్నాను. పన్నెండు ఫోటోలూ ఒక్కొక్కటిగా నోటితో చెప్పాను. మొదటిదాంట్లో గ్రేసు చర్చి మెట్లెక్కుతూ తెల్ల చీర కుచ్చిళ్ళు ఎలా పట్టుకుందో, ఉంగరం తొడిగేటప్పుడు అల్లుడు తడబడి తప్పు వేలు ఎలా పట్టుకున్నాడో, గ్రేసు నాయనమ్మ అక్షింతలు లేకపోతే ఏం దీవెనని గొణుక్కుంటూ రెండు చేతులూ పిల్ల తల మీద ఎలా ఆనించిందో, అన్నీ. ఏడోది గుర్తు రాక తడబడ్డాను. కరుణమ్మ గారు గుర్తొచ్చేదాకా కూర్చున్నారు. సుందరం మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు కానీ పేజీ తిప్పలేదు.

ఆ ఫోటోలు ఇప్పుడు నా తలలో తప్ప ఎక్కడా లేవు. ఏడోది ఇప్పటికే మసకబారింది, మిగతావీ ఒక్కొక్కటే పోతాయి. గ్రేసు క్రిస్మస్‌కి వస్తుందట. ఆ కొత్త రోలుతో అందరికీ ఫోటోలు తీసి, కడగడానికి నాగభూషణం గారికే ఇచ్చొస్తాను. పెళ్ళిరోజు మాత్రం తిరిగి రాదు. సుందరం మాస్టారు నన్ను క్షమించారని నాకు తెలుసు. ఆ క్షమ మొయ్యడం ఆయన కోపం కన్నా నాకు బరువుగా ఉంది.

మందులకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ప్రతి పొట్లం మీదా పేరు రాయించుకోండి. రాస్తూ కొట్టాయన ఏదైనా చెప్పబోతే, మీకు అది తెలిసినా సరే, పక్కన ఎవరున్నా సరే, చివరిదాకా విని రండి.